ఎడమచేతి మెలిక

పదకొండు గంటలకు పార్థిబన్ కాగితం తీసుకొని వస్తాడు. భారతి దాంట్లో సంతకం పెడితే కథ అయిపోయినట్టే. ఇప్పుడు తొమ్మిదీ నలభై. ఉండే గంటా ఇరవై నిమిషాల్లో అమరావతి ఒక సంగతి రుజువు చెయ్యాల. జడ్జికి కాదు, పోలీసులకు కాదు. భారతికే. "నీ బిడ్డను నువ్వు వదిలిపెట్టలేదమ్మా" అని ఆ తల్లికే రుజువు చెయ్యాల. ముప్పైమూడేళ్ల పోలీసు నౌకరీలో ఇట్లాంటి కేసు ఆమెకు ఒక్కటీ తగల్లేదు.

వేలూరు మహిళా స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయిన మనిషి అమరావతి. ఏట్టు అంటే ఈ పక్క హెడ్ కానిస్టేబులే, గుడియాత్తం ఊరంతా ఆమెను ఇప్పటికీ ఏట్టమ్మ అనే పిలుస్తారు. రిటైరై నాలుగేళ్లయినా ఎవురింట్లో ఏది కనపడకపోయినా, ఎవురి మాట ఎవురికి పొసగకపోయినా ఏట్టమ్మ దగ్గరికే వస్తారు. అయితే ఈ కేసు తెచ్చింది భారతి వీధిలోనే ఉండే చెల్లమ్మత్త. చెల్లమ్మత్త తెస్తే అమరావతి కాదనేదానికి లేదు. దానికి కారణం యాభై ఏళ్ల పైమాట, నిదానంగా చెప్పుకుందాం.

చెల్లమ్మత్త ఇంట్లో చాప మీద గోడకు ఆనుకొని కూర్చోని ఉండాది భారతి. ఇరవైయేడేళ్ల పిల్ల. ఆస్పత్రినుంచి వచ్చి మూడు నాళ్లయింది. జడ బిగించి అల్లుకోనుండాది, మొగం కడుక్కోనుండాది, కండ్లలో మాత్రం దీపం లేదు.

"మళ్ళీ మొదటినుంచి చెప్పమ్మా" అనింది అమరావతి.

"ఏం చెప్పేది ఏట్టమ్మా? నేనే వదిలిపెట్టింటాను."

"పెట్టింటావా? పెట్టినావా?"

"అందురూ అంటాండారు గదా. ఇన్స్పెక్టరు నాలుగు తూర్లు అడిగినాడు, 'ఏమ్మా బస్టాండులో ఇడిసినావు?' అని. మా బావ అడిగినాడు. లాయరు అడిగినాడు. అంతమంది అడిగినాక..." భారతి చేతులు ఒళ్లో పెట్టుకొని చూసుకుంది. "ముందొక తూరి చేసినదాన్నే గదా నేను. మా ఆయన పోయిన కొత్తలో, మాత్రలు మానేసి, తిరువలం గుడి మెట్ల మీద పాపను కూర్చోబెట్టి యాడికో పోయినా. ఆరోజు చేసినదాన్ని ఈరోజు చెయ్యలేదని ఎట్ల చెప్పేది?"

ఇది వినేసరికి చెల్లమ్మత్త పొయ్యి దగ్గరనుంచే అరిచింది. "ఆరోజు మాత్రలు మింగలే! ఇప్పుడు మింగతాండావు గదే! డాక్టరమ్మే చెప్పింది, మాత్రలు సరిగ్గా మింగింది, మనిషి బాగుండాది అని!"

"బాగున్నదాని బిడ్డ బస్టాండుకు ఎట్ల పోయింది అత్తా?"

చెల్లమ్మత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

జరిగిందిది. మూడు వారాల కింద, గురువారం పొద్దున పదీ పదికి గుడియాత్తం బస్టాండులో బెంచీ మీద నాలుగేళ్ల మోహన ఒంటిగా కూర్చోని ఉండాది. ఆటో ఏసుదాస్ చూసినాడు. పోలీసులు వచ్చినారు, విచారించుకుంటా పోయి పన్నెండున్నరకు భారతి ఇల్లు కనుక్కున్నారు. "నీ బిడ్డ యాడమ్మా?" అంటే భారతి తల తిప్పకుండా "వెనక ఆడుకుంటాండాది" అనింది. చెవిలో ఎవురో మాట్లాడినట్టు వినిపించే జబ్బు ఆమెకు ఉండేది వీధికంతా తెలుసు. ఆ ఒక్క మాటతో అందురూ తేల్చేసినారు. ఆమెను ఆస్పత్రికి, బిడ్డను కాట్పాడిలో ఉండే పెదనాయన కన్నప్ప ఇంటికి పంపించేసినారు. కన్నప్ప, ఆయన పెండ్లాం హేమప్రియ. వాళ్లకు బిడ్డల్లేరు.

వారం తిరక్కుండానే వాళ్లు వేలూరు కోర్టులో వేసినారు. భారతికి మతి స్థిమితం లేదని కోర్టు చెప్పేస్తే, బిడ్డను దత్తతిచ్చేదానికి తల్లి ఒప్పుకోలు అక్కర్లేదు. ఆ తర్వాత భారతికి తల్లి అనే హక్కే ఉండదు. వీధిలో ఎదురుపడినా 'నా బిడ్డ' అనేదానికి లేదు. రేపే వాయిదా. ఇప్పుడు ఆమె అంతకుముందే, 'నాకు చేతకాదు, నేనే ఇచ్చేస్తా' అని సంతకం పెట్టేదానికి తయారుగా ఉండాది.

"పెడితే తప్పేముండాది ఏట్టమ్మా? మా అక్క హేమప్రియ పాపను బాగా చూసుకుంటాది. నేను ఆస్పత్రిలో ఉంటే పాలు, పండ్లు పంపించింది. నేను ఆమెకు రుణపడి ఉండాను."

అందురికీ రుణపడి ఉండాదట. డాక్టరమ్మకు, చెల్లమ్మత్తకు, ఆటో ఏసుదాసుకు, హేమప్రియకు. కృతజ్ఞత ఉండాల్సిందే. అయితే కృతజ్ఞతకని ఎవురైనా కడుపున పుట్టిన బిడ్డను ఇస్తారా?

ఏసుదాస్ ఆటో వాకిట్లోనే నిలబెట్టుకొని ఉండాడు. అమరావతి రమ్మంటే సవారి వదులుకొని వచ్చినాడు. ఆయన్ను చూడంగానే భారతి లేచి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"అయ్యో, వద్దుమా. అన్ననుకో" అన్నాడు ఏసుదాస్ ఆటో దిగతా.

"ఏసుదాసన్నా, నిమిషం తప్పకుండా చెప్పు. పాపను ఎప్పుడు చూస్తివి?"

"పదీ పది. తిరువణ్ణామలై బస్సు అప్పుడే వస్తాది, దాని సవారీ కోసం పోయినా."

"ఎట్ల ఉండాది పాప?"

"బుద్ధిగా కూర్చోనుండాది. తల దువ్వి, రెండు జడలు, చేతిలో బన్ను. చెప్పులు బకిల్ కూడా పెట్టుండాది. ఏడవలే. ఒక మాట మాట్లాడలే. ఈరోజుదాకా ఎవురితోనూ మాట్లాడలేదంట. పోలీసులు వచ్చేదాకా నేను పక్కనే కూర్చున్నా. ఆ పొద్దు ఒక్క సవారీ కూడా పోలేదు."

"ఇంకెవురైనా?"

ఏసుదాస్ గొంతు తగ్గించినాడు. "కాట్పాడి బస్సు కదలతా ఉంటే ఒకామె ఎక్కింది. పాపకు చెయ్యి ఊపింది. తల్లేమో అనుకొని అరుస్తా పరిగెత్తినా, బస్సు పోయింది. వెనకనుంచే చూసినా, మొగం తెలీదు. పోలీసులకు అదే చెప్తే, 'తల్లే అదీ' అని రాసుకున్నారు."

"నీకేమనిపించింది?"

"ఏమనిపిస్తే ఏమి ఏట్టమ్మా. వీపు చూసి ఎవురు ఎవురని చెప్పేది."

నికార్సైన సాక్షి అంటే ఇట్లుండాల, తెలీనిది తెలీదని చెప్తాడు. అమరావతి మనసులోనే దండం పెట్టుకుంది. అయితే ఆ వీపు తనదేమో అని భారతి కూడా అనుకుంటాండాది, అదే వచ్చిన చిక్కు.

"అత్తా, భారతి ఇంటి బీగంచెవి నీ దగ్గరే గదా?"

"ఇదో, నడుముకే ఉండాది. ఆరోజు ఒంటిగంటకు నాట్రంపల్లినుంచి వచ్చినా. తలుపులు బార్లా తెరుచుకొని ఉండాయి, ఇంట్లో ఎవురూ లేరు. బీగం వేసినా. ఈరోజుదాకా తియ్యలే."

"ఎవురూ లోపలికి పోలేదా?"

"నా నడుము మీదనుంచి పోవాల" అనింది చెల్లమ్మత్త.

ఆ ముసలామె నడుము చూస్తే అమరావతికి నవ్వొచ్చింది, కండ్లలో నీళ్లూ వచ్చినాయి. ఇదే వీధి, ఇదే నడుము. అమరావతికి ఏడేళ్లప్పుడు వాళ్లమ్మకు మతి చెదిరింది. వీధి మధ్యలో కూర్చోని తల పైకెత్తి మొగులును తిట్టేది. కావేరిపాక్కంనుంచి నాయన తరపువాళ్లు వచ్చి, పిచ్చిదాని దగ్గర ఆడబిడ్డ ఉండకూడదని అమరావతిని చెయ్యి పట్టి లాక్కపోతా ఉంటే, చెల్లమ్మత్త నడుముకు కొంగు చెక్కుకొని వాకిట్లో అడ్డం నిలబడింది. "కూడు నా ఇంట్లో తింటాది. నిద్ర దాని తల్లి పక్కనే పోతాది. ఎవుడ్రా కాదనేది?" అనింది. అంతే. పదకొండేళ్లు అట్లే జరిగింది. వాళ్లమ్మ బాగున్న నాళ్లలో అమరావతికి జడ వేసింది, పాటలు చెప్పింది. చచ్చిపోయేటప్పుడు బిడ్డ ఒళ్లోనే కండ్లు మూసింది. ఆ పదకొండేళ్లు ఎవురిచ్చినారంటే చెల్లమ్మత్తే ఇచ్చింది. అందుకే ఆమె తెచ్చిన కేసును అమరావతి కాదనలేదు.

బీగం తీస్తా ఉండంగానే వీధి మొదట్లో కారు నిలబడింది. పదకొండుకు రావాల్సిన పార్థిబన్ పదీ పదికే దిగినాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. వేలూర్లో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకొని కన్నప్ప తరపున పని చేస్తాండాడు. ఒకప్పుడు అమరావతి కిందే కానిస్టేబులు.

"ఏట్టమ్మా! వణక్కం. రిటైరైనా విశ్రాంతి లేదా?"

"నీకు రిపోర్టు రాసేది నేర్పించినా గదా నాయనా, చదివి తప్పులు దిద్దే పని కూడా నాదే."

"ఈసారి తప్పుల్లేవు." ఫైలు తట్టినాడు. "ఆ గురువారం సెలవు పెట్టి ఇంట్లో ఉండిన ఎదురింటి చిన్నపొన్ను వాంగ్మూలం ఉండాది. ఆరోజు పొద్దున ఎనిమిదిన్నరనుంచి ఈ ఇంట్లో మగ్గం శబ్దమే లేదు. దినమూ టకటకమని వినిపించే మగ్గం మధ్యాన్నందాకా మూగగా ఉండాది. తలుపు తెరిచే ఉండాది. అంటే ఏమి? మనిషి ఇంట్లో లేదు. బస్టాండుకు పోయింది."

చెల్లమ్మత్త బీగం చేత్తో పట్టుకొని అట్లే నిలబడిపోయింది. "ఏమిరా చెప్తివి? మగ్గం శబ్దం లేదంటే మనిషి లేదా?"

"లేకపోతే ఏం అవ్వా?"

"చిన్నపొన్ను చెప్పుల ఫ్యాక్టరీకి పోయే పిల్ల, దానికి తెలీదు. నీ తాత యాడరా నేసింది?"

"మా తాత రైల్వే."

"అదే చెప్పు."

అమరావతి తలుపు తోసింది.

గుంత మగ్గం. మూడు వారాల దుమ్ము సన్నగా పరుచుకొని ఉండాది. అమరావతి గడపలోనే నిలబడి అందుర్నీ ఆపింది. "ఎవురూ దేన్నీ తాకొద్దు. పార్థిబా, ఫోన్లో ఫోటోలు తీసుకో. నువ్వే సాక్షి, రేపు నేను పెట్టినా అనకూడదు."

మగ్గం మీద బట్ట లేదు. పొడుగునా వేలకొద్దీ పోగులు, నీలం, తెలుపు. మధ్యలో గీత గీసినట్టు ఒక వరస అతుకులు. కుడిపక్క కొసలో మాత్రం కొన్ని పోగులు అతక్కుండా వేలాడతాండాయి. మగ్గం వెనక పీట, పీట పక్కన కొబ్బరి చిప్ప, చిప్పలో బూడిద. బూడిదలో రెండు వేళ్ల గుంటలు.

"పడుగు అతకతా ఉండాది" అనింది అమరావతి మెల్లిగా.

ఆ పని ఎరగనోళ్లకు చెప్పాల. లుంగీ పడుగు, అంటే నిలువు పోగులు, ఒకటి నేసి అయిపోతే, మగ్గంలో మిగిలిన పాత పోగుల కొనలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాల. వేలికి బూడిద అద్దుకొని, రెండు కొనలు పట్టుకొని, ఒక్క మెలిక. రెండువేల ఐదొందల పైన పోగులు. తల వంచి కూర్చుంటే ఎత్తేదానికి లేదు, ఒక పోగు తప్పితే బట్టంతా తప్పు. శబ్దమంటావా, చీమ నడిచినంత కూడా ఉండదు.

"మగ్గం మూగగా ఉండేది మనిషి లేక కాదు నాయనా" అనింది అమరావతి. "మనిషి చాలా గట్టిగా ఉండబట్టే."

పార్థిబన్ మొగం కొంచెం వాడింది. అంత తొందరగా ఒప్పుకునే రకం కాదు. "ముందురోజు అతికిందేమో!"

"బుధవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గదరా మేస్త్రీ పెరియస్వామి ఈ పడుగు ఇచ్చి పోయింది!" అనింది చెల్లమ్మత్త. "ఆ రాత్రి వీధంతా కరెంటు లేదు. చీకట్లో అతకతారా? గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు ఫ్యాక్టరీ సంగు కూస్తా ఉంటే నా పొయ్యి బూడిద జల్లించి ఆ చిప్పలో నేనే పోసిచ్చినా. అప్పుడే పీట మీద కూర్చుండింది. నేను నాట్రంపల్లి బస్సుకు పోయినా."

"ఇది ముందే చెప్పకూడదా అవ్వా?"

"నువ్వడిగింది 'భారతి బస్టాండుకు పోయింది చూసినావా' అని. చూళ్లేదు అన్నా. బూడిద ఇచ్చినావా అని అడిగితివా?"

ఏసుదాస్ వాకిట్లో మొగం తిప్పుకొని నవ్వినాడు.

పార్థిబన్ ఫైలు మూసినాడు. "సరి. మొదలుపెట్టింది. మధ్యలో లేచి బస్టాండుకు పోయి వచ్చి మళ్ళీ కూర్చుంది. లేకపోతే పక్కింటోళ్లు ఎవురైనా అతికిచ్చినారు. ఎట్ల కాదంటారు?"

ఇదీ అసలు అడగాల్సిన ప్రశ్న. భారతి కండ్లు అమరావతి మీదే ఉండాయి, ఆమె మనసులో ఉండే ప్రశ్నా అదే.

అమరావతి చేతిసంచిలోనుంచి భూతద్దం తీసి, పోగుల మీదికి వంగింది. ఒక కొస. మధ్య. ఇంకొక కొస. తర్వాత చెల్లమ్మత్తను రమ్మని అద్దం చేతికిచ్చింది.

"ఓయమ్మా" అనింది చెల్లమ్మత్త. "మెలికలన్నీ తిరగేసి ఉండాయి. అందురూ కుడికి తిప్పతారు, ఇవి ఎడమకు తిరిగుండాయి. ఈ వీధిలో ఎడమచేతిది ఇది ఒక్కటేరా! చిన్నప్పుడు వాళ్ల నాయన కొట్టినా మార్చుకోలే."

"మొదటినుంచి కడదాకా ఒకటే చెయ్యి. ఇంకెవురూ తాకలేదు" అనింది అమరావతి. "భారతీ, రామ్మా. ఆ వేలాడే కొసల్లో అతుకు. నేను గడియారం చూస్తా."

భారతి జంకతా పీట మీద కూర్చుంది. వేలు బూడిదలో ముంచింది. మొదటి పోగు అతికింది. రెండోది, మూడోది. తర్వాత జంకు యాడికి పోయిందో పోయింది. ఎడమ బొటనవేలు, చూపుడువేలు, ఒక్క మెలిక, వదులు. మెలిక, వదులు. మూడు వారాల తర్వాత ఆ మొగంలోకి మనిషి తిరిగొచ్చినట్టు ఉండాది.

"నిమిషానికి పది" అనింది అమరావతి. ఇంకొక నిమిషం చూసింది. "మళ్ళీ పదే. అత్తా, ఎన్ని పుంజాలు అతికుండాయి?"

పుంజమంటే నూటిరవై పోగులు. పుంజం పుంజానికి దారం కట్టి ఉంటాది, ఎంచేదానికి కష్టం లేదు. చెల్లమ్మత్త వేలు పెట్టి ఎంచుకుంటా పోయింది. "ఇరవై."

"పుంజానికి పన్నెండు నిమిషాలు. ఇరవై పుంజాలకు?"

పార్థిబన్ ఫోన్లో ఎంచలేదు, నోటితోనే ఎంచినాడు. "రెండొందల నలభై. నాలుగు గంటలు."

"ఎనిమిదిన్నరకు కూర్చుంది. పన్నెండున్నరకు పోలీసులు లేపినారు. మధ్యలో ఎన్ని గంటలు నాయనా?"

పార్థిబన్ మళ్ళీ ఆ పోగుల వరసకేసి చూసినాడు.

"ఇక్కడినుంచి బస్టాండుకు చిన్నబిడ్డను నడిపించుకొని పోయి రావాలంటే యాభై నిమిషాలు. అంటే అయిదొందల పోగులు. ఆ అయిదొందల పోగులు ఎవురు అతికినారు, నువ్వా?"

భారతి బూడిద చేతులు ఎదురుగా పెట్టుకొని చూసుకుంటాండాది, ఎవురివో చేతులు చూసినట్టు.

"నేను లేవలేదా ఏట్టమ్మా?"

"లేవలేదమ్మా."

"నేను ఇడిసిపెట్టలేదా?"

"నీ చేతులే చెప్తాండాయి."

భారతి ఏడవలేదు. రెండు చేతులూ మగ్గం కొయ్య మీద ఆనించి, నుదురు ఆ చేతుల మీద పెట్టింది. గుళ్లో మొక్కేటప్పుడు అట్లే పెడతారు. చెల్లమ్మత్త ముక్కు చీదింది. అమరావతికి కూడా కండ్లు తుడుచుకోవాలని ఉండాది, అయితే చూపు పోగుల మీదే ఆగిపోయింది. నీలం తెలుపు మధ్యలో, ఎడమపక్కనుంచి కొంచెం దూరంలో, అతుకు పక్కనే ఒక చిన్న ఎర్రదారం ముడి.

"ఇదేంది భారతీ?"

భారతి తల ఎత్తింది. వచ్చిన రంగంతా ఒక్కసారిగా మొగంలోనుంచి దిగిపోయింది. గబుక్కున ఆ దారం మీద చెయ్యి కప్పింది.

"ఏం లేదు."

"నాకు చెప్పమ్మా. మా అమ్మ కూడా నీ మాదిరే."

భారతి నేలను చూస్తానే చెప్పింది. "డాక్టరమ్మ చెప్పింది. గొంతు వినిపిస్తే బదులు పలకొద్దు, భయపడొద్దు, చేతిలో పని ఆపొద్దు, గుర్తు పెట్టుకొని నాకు వచ్చి చెప్పు అనింది. సంతకం తప్ప నాకు రాసేది రాదు. అందుకే యాడ నేస్తా ఉంటే ఆడ ఎర్రదారం ముడి వేస్తా. నెలకొకసారి ముడులు ఎంచి చెప్తా. నాలుగు నెలలుగా ఒక్క ముడీ లేదు ఏట్టమ్మా. డాక్టరమ్మ నా వీపు తట్టింది. ఆ గురువారమే... ఒకటి వచ్చింది."

"ఎవురికీ చెప్పలేదా?"

"చెప్తే మళ్ళీ జబ్బు తిరిగింది అంటారు. పాపనివ్వరు."

"ఆ గొంతు ఏమనింది?"

"మా అక్క గొంతు మాదిరి ఉండాది. హేమప్రియక్క. కాట్పాడిలో ఉండే మనిషి ఆ వేళకు ఈడికి ఎందుకు వస్తాది? అందుకే అది నా చెవిలోదే అనుకున్నా. నా వీపు తలుపుకు ఉండాది. తల తిప్పలే. 'మోహనా, రా తల్లీ, బస్సు చూపిస్తా' అనింది. డాక్టరమ్మ చెప్పినట్టే నేను బదులు పలకలే. ముడి వేసినా. పోగులు అతుక్కుంటా పోయినా."

అమరావతి వేలు ఎడమ అంచునుంచి మెల్లిగా జరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు పుంజాలు. ఆరోదాంట్లో సగం. "అయిదున్నర పుంజాలు. అరవైయారు నిమిషాలు." గడియారం అక్కర్లేదు, లెక్క నోట్లోనే ఉండాది. "తొమ్మిదీ ముప్పైయారు. బిడ్డను బెంచీ మీద చూసింది పదీ పది. పార్థిబా, మీ హేమప్రియ ఆ పొద్దు యాడ ఉండాదని రాసినావు?"

"పదకొండుదాకా కాట్పాడిలో ఇంట్లో" అన్నాడు పార్థిబన్. గొంతు మారిపోయింది. "ఆమె చెప్పిందే రాసినా. నేను... కనుక్కోలే."

"భారతీ." అమరావతి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. "ఆ గొంతు నీ చెవిలోది కాదు. నిజంగా వాకిట్లోనుంచి వచ్చిన గొంతే. నీ జబ్బు తిరగలే. డాక్టరమ్మ చెప్పినట్టు బుద్ధిగా నడుచుకుంటివి. ఆ సంగతి తెలిసినోళ్లెవురో నీ బుద్ధినే వాడుకొని బిడ్డను ఎత్తకపోయినారు."

"ఆమెకు తెలుసు" అనింది భారతి. "నేనే చెప్పినా, నా మంచి కోరేది గదా అని."

బిడ్డ మీద ఆశ ఉండేది తప్పు కాదు. కడుపు పండనోళ్ల బాధ అమరావతికీ తెలుసు. బన్ను ఇచ్చి, చెప్పులకు బకిల్ పెట్టి, మంచి మనిషి ఎవురైనా వచ్చేదాకా బస్సు పక్కన నిలబడి చూసి పోయింటాది. అంత ప్రేమ ఉండేదే. అయితే ఇంకొకతె ఒడి ఖాళీ చేసి తన ఒడి నింపుకునేదాన్ని ప్రేమ అనేదానికి లేదు.

అప్పుడే పార్థిబన్ చేతిలో ఫోను మోగింది. తెర మీద పేరు చూసి ఆయన అట్లే నిలబడిపోయినాడు. హేమప్రియ.

"గట్టిగా వినిపించేటట్టు పెట్టు" అనింది అమరావతి.

"అది నా పార్టీ ఏట్టమ్మా..."

"నీకు రిపోర్టు రాసేది నేర్పించినప్పుడు ఇంకొకటి కూడా నేర్పిస్తి, ఎవురి మొగమూ చూడకుండా నిజమే రాయాల అని. గుర్తుండాదా?"

పార్థిబన్ ఆ ఎర్రదారాన్ని ఒకసారి చూసినాడు. వేలు తెర మీద నొక్కినాడు.

"సార్, సైను పెట్టిందా?" ఆడగొంతు, ఆయాసపడతా ఉండాది. వెనక జనం, ఏదో గంట శబ్దం. "పెట్టకపోయినా పరవాలేదు. రేపు జడ్జమ్మ బిడ్డతో ఒంటిగా మాట్లాడాలంట, లాయరు నిన్న సాయంత్రం చెప్పినాడు. మీరు ఎట్లైనా వాయిదా అడగండి. మేము కొన్ని నాళ్లు ఊర్లో ఉండం."

భారతి పీట మీదనుంచి లేచింది. "ఇదే" అనింది, ఊపిరంత మెల్లిగా. "ఆరోజు గొంతు ఇదే."

"ఏందమ్మా ఇది, చెప్పకుండా..." అని పార్థిబన్ అంటా ఉండంగానే, ఫోన్లో ఇంకొక గొంతు వినిపించింది. చిన్నది, సన్నది. మూడు వారాలు మూగగా ఉండిన గొంతు.

"పెద్దమ్మా, మళ్ళా నన్ను బెంచీ మీద ఇడిసిపెట్టి నువ్వు బస్సెక్కి పోతావా?"

ఏసుదాస్ గడప దాటి లోపలికి వచ్చేసినాడు.

గొంతు వినిపిస్తే బదులు పలకొద్దని మూడేళ్లుగా నేర్చుకున్న పిల్ల భారతి. బూడిద వేళ్లతో పార్థిబన్ చేతినే పట్టుకొని, ఫోనును నోటి దగ్గరికి లాక్కుంది.

"మోహనా! అమ్మనమ్మా! యాడుండావు తల్లీ?"

"అమ్మా! రైలు!" అనే కేక. హేమప్రియ 'అయ్యో' అనేది సగంలో తెగింది. ఫోను ఆగిపోయింది.

"బెంగళూరు బండి" అన్నాడు పార్థిబన్. మొగం పాలిపోయి ఉండాది. "నిన్న రాత్రి టికెట్లు తియ్యమని నన్నే అడిగినారు. ఊరికే చుట్టాలింటికి అనుకున్నా. కాట్పాడిలో పదకొండూ నలభై."

అమరావతి గడియారం చూసింది. పదీ యాభైనాలుగు. ముప్పై కిలోమీటర్ల దారి.

పార్థిబన్ సంతకం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బూడిద చిప్ప కింద పెట్టినాడు. "నా కారు ఉండాది. ఎక్కండి. దోవలోనే రైల్వే పోలీసుకు నేను ఫోన్ చేస్తా. ఏట్టమ్మా, మీరు మాట్లాడితే ఇంకా మేలు."

"సంతోషం నాయనా" అనింది అమరావతి. ఆ మాట ఆమె ఆయనకు చెప్పింది జీవితంలో అదే మొదటిసారి.

చెల్లమ్మత్త మళ్ళీ బీగం వేసి, దాన్ని లాగి చూసి, తాళంచెవి నడుముకు దోపుకొని, ఎవురూ పిలవకుండానే కారు ముందుసీట్లో ఎక్కి కూర్చుంది. "ఏమిరా చూస్తావు? బిడ్డను ఎవురు పట్టుకునేది? పోనీ!"

వెనకసీట్లో భారతి అమరావతి చెయ్యి పట్టుకుంది. బూడిద ఇద్దురి చేతులకూ అంటింది. కారు కదిలినాక ఆ పిల్ల పెదాలు ఏదో అంటాండాయి. అమరావతి వంగి వినింది. మొక్కు కాదు, శాపనార్థం కాదు.

"నా చెవి మంచిదే ఏట్టమ్మా" అంటాండాది భారతి. "నా చెవి మంచిదే."